దాణా గదిలో చెమ్మ: వేడి, చల్లదనం చేసే పని



వానాకాలంలో సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మాకు తరచుగా వినబడే మాట ఒకటున్నది. "కప్పు కారలేదు, గోడలోంచి నీరు దిగలేదు, కిటికీలు కూడా తెరిచే ఉంచాము. అయినా దాణా బస్తాలు చెమ్మగిల్లి బూజు పట్టాయి. ఈ నీరు ఎక్కడనుండి వచ్చినట్లు?" అని కార్యదర్శులు అడుగుతుంటారు. ఇది అడగదగిన ప్రశ్నే. ఆ నీరు కప్పునుండి రాలేదు, నేలనుండి రాలేదు. గాలిలోనుండి వచ్చింది. తెరిచి ఉంచిన కిటికీలోనుండే వచ్చింది.

గదిని వేడి చేసినా, చల్లబరిచినా గాలిలోని తేమ ఎట్లా మారుతుందో తెలిస్తే ఈ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. రెండు మూడు సంగతులు మనసులో ఉంచుకొంటే చాలు.

బూజు వలన నష్టం ఎంత?

బూజు పట్టిన బస్తా పారవేస్తే పోయేది బస్తా ధర మాత్రమే. పారవేయకుండా పశువుకు పెడితే నష్టం పాలదాకా పోతుంది. వేరుశెనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న, తవుడు వంటి వాటిపై పెరిగే కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. 1960లో ఇంగ్లండులో సుమారు లక్ష టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వెదకగా వెదకగా అవి తిన్న వేరుశెనగ చెక్కలో ఈ విషం బయటపడింది. ప్రపంచానికి దీని సంగతి తెలిసింది అప్పుడే.

పాడిపశువు ఈ విషాన్ని తిన్నప్పుడు అందులో నూటికి ఒకటి రెండు వంతులు, ఎక్కువ పాలిచ్చే పశువులలో ఇంకా ఎక్కువ, రూపం మార్చుకొని పాలలోకి వస్తుంది. తిన్న మరునాటికే పాలలో కనబడుతుంది. దాణా మార్చిన తరువాత కూడా పాలు శుభ్రపడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పాలు కాచినా, పాశ్చరైజు చేసినా ఈ విషం పోదు. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కిలో పాలలో ఇది అర మైక్రోగ్రాముకు మించరాదు. అనగా వెయ్యి కిలోల పాలకు అర మిల్లీగ్రాము. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా పాల నమూనాలు సేకరించి పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించింది. 6,432 నమూనాలలో 368 నమూనాలు ఈ హద్దును దాటాయి.

ఒక ఇంటి పాలలో దోషముంటే పదిమంది పాలలో కలిసి పలచబడవచ్చు. కాని సంఘం దాణా గదిలోని సరుకే చెడితే, సభ్యులందరూ ఆ గదినుండే దాణా తీసుకుపోతారు కనుక, అందరి పాలూ ఒకేసారి చెడతాయి. అందుచేత దాణా గదిలోని గాలి సంగతి ఒక్క కార్యదర్శి బాధ్యత కాదు. అది సభ్యులందరి ఆదాయానికి సంబంధించినది.

గాలి ఎంత నీటిని మోయగలదు?

గాలిలో ఎల్లప్పుడూ కొంత నీరు కంటికి కనబడని ఆవిరి రూపంలో ఉంటుంది. గాలి వేడిగా ఉంటే ఎక్కువ నీటిని మోయగలదు. చల్లగా ఉంటే తక్కువ మోయగలదు. ఒక ఘనపు మీటరు గాలి 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 9 గ్రాములకు కొంచెం పైగా, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 25 డిగ్రీల వద్ద 23 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు, 40 డిగ్రీల వద్ద 51 గ్రాముల నీటిని మోస్తుంది. అంటే సుమారు 12 డిగ్రీలు పెరిగేసరికి మోసే శక్తి రెట్టింపు అవుతున్నది.

"గాలిలో తేమ నూటికి 80" అని రేడియోలోనో పత్రికలోనో చెప్పినప్పుడు, ఆ వేడిలో గాలి మోయగలిగిన నీటిలో నూటికి 80 వంతులు ఇప్పటికే దానిలో ఉన్నదని అర్థం. ఇక్కడే చాలామంది పొరబడతారు. తేమ శాతం తగ్గినంత మాత్రాన నీరు తగ్గినట్లు కాదు. బిందె పెద్దదైతే అదే నీరు సగానికి కనబడుతుంది, బిందె చిన్నదైతే అంచుదాకా కనబడుతుంది. గాలిని వేడి చేయడం బిందెను పెద్దది చేయడం. చల్లబరచడం బిందెను చిన్నది చేయడం. రెండింటిలోనూ నీరు అంతే ఉన్నది.

ఒక లెక్క చూద్దాము. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న దాణా గదిలో 60 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. సాయంకాలం గదిలో 30 డిగ్రీల వేడి, నూటికి 80 తేమ ఉన్నాయనుకొందాము. ఆ గాలిలో దాదాపు లీటరున్నర నీరున్నది. గదిని 35 డిగ్రీలకు వేడి చేస్తే తేమ నూటికి 60కి దిగుతుంది. గది ఆరినట్లనిపిస్తుంది. కాని ఆ లీటరున్నర నీరు గదిలోనే ఉన్నది. అదే గాలి తెల్లవారుజాముకు 25 డిగ్రీలకు చల్లబడితే అంత నీటిని మోయలేక 80 నుండి 100 గ్రాముల వరకు విడిచిపెడుతుంది. చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయటివైపు చెమర్చినట్లే, ఆ నీరు గదిలో అన్నింటికంటె చల్లగా ఉన్నచోట చేరుతుంది. నాపరాతి నేల, సిమెంటు గోడ, రేకుల కప్పు, అడుగు వరుస బస్తాలు అటువంటి చోట్లు.

నూరు గ్రాములేగదా అనుకోవద్దు. కిటికీ తెరిచి ఉంటే కొత్త గాలి వస్తూనే ఉంటుంది, వచ్చిన గాలి వచ్చినట్లు నీటిని దించిపోతూనే ఉంటుంది. పైగా బూజుకు నీటి చుక్క కనబడనక్కరలేదు. గదిలో తేమ నూటికి 70 దాటి రోజుల తరబడి ఉంటే దాణా తనంత తానే గాలినుండి చెమ్మను పీల్చుకొంటుంది. మన వానాకాలపు వేడి బూజులకు బాగా పడుతుంది కనుక ఆ తరువాత ఎక్కువ రోజులు పట్టదు.

కిటికీలు ఎప్పుడు తెరవాలి?

కిటికీలు తెరిస్తే గాలి ఆడి చెమ్మ పోతుందని మన నమ్మకం. బయటి గాలి లోపలి గాలికన్న పొడిగా ఉన్నప్పుడు ఇది నిజమే. వానాకాలంలో ఉదయం పూట మాత్రం దీనికి విరుద్ధంగా జరుగుతుంది. రాత్రంతా చల్లబడిన బస్తాలు, నేల వెంటనే వేడెక్కవు. ఎనిమిది తొమ్మిది గంటలకు బయటి గాలి వేడెక్కి, తడి నేలమీది నీటిని మోసుకొని లోపలికి వస్తుంది. చల్లని బస్తాలకు తగిలి ఆ నీటిని అక్కడ దించుతుంది.

కనుక ముసురు పట్టిన రోజులలో కిటికీలు, తలుపులు మూసి ఉంచడమే మేలు. వాన వెలిసి ఎండ కాసిన రోజున మధ్యాహ్నం పన్నెండు నుండి నాలుగు గంటల వరకు ఎదురెదురు కిటికీలు తెరిచి, పొద్దు వాలకముందే మూసివేయాలి. శీతాకాలంలోను, ఎండాకాలంలోను పగలు ఎంతసేపు తెరిచినా ఇబ్బంది లేదు. సముద్రతీరపు మండలాలలో మాత్రం ఎండాకాలంలో కూడా సాయంకాలపు సముద్రపు గాలికి కిటికీలు మూయాలి.

రేకుల కప్పు గదులకు మరొక చిక్కున్నది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి రేకు బయటి గాలికన్న కూడా చల్లబడుతుంది. లోపలి గాలిలోని నీరు రేకు అడుగున చేరి బొట్లు బొట్లుగా పై బస్తాలమీద పడుతుంది. దానికి భయపడి కొందరు బస్తాలపై ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. పగటి వేడికి బస్తాలనుండి వచ్చిన ఆవిరి రాత్రి పట్టా అడుగున నీరై మరల బస్తాలమీదనే పడుతుంది. పట్టాకు బదులు పొడి గోనె సంచులు కప్పడం, రేకు కింద తాటాకు తడికలో వెదురు తడికలో కట్టించడం మంచిది.

వేడి చేస్తే ఆరుతుందా?

దాణాను ఎండలో ఆరబోసినప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఎండ వేడికి నీరు ఆవిరవుతుంది, వీచే గాలి ఆ ఆవిరిని మోసుకుపోతుంది. ఈ రెండవ పని జరగనిదే మొదటిదాని వలన ప్రయోజనం లేదు. మూసిన గదిలో కుంపటి పెట్టి ఆరబెట్టడం అందుచేతనే వృథా. దాణానుండి వెళ్లిన నీరు గది గాలిలో నిలిచి, కుంపటి ఆరగానే తిరిగి దాణాలోకి వస్తుంది.

పైగా మంట కూడా నీటిని పుట్టిస్తుంది. ఒక లీటరు కిరోసిను మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. కట్టెలకు, వంటగ్యాసుకు కూడా ఇదే వర్తిస్తుంది. విద్యుత్ బల్బు వేడిలో ఈ దోషం లేదు, కాని అది కూడా గదిలో ఉన్న నీటిని బయటికి పంపలేదు. ఇక దాణా గదిలో మంట పెడితే అగ్ని ప్రమాదముంటుందని, మూసిన గదిలో కుంపటి పొగ ప్రాణాంతకమని వేరే చెప్పనక్కరలేదు.

ఎండలో ఆరబోసిన దాణాను వేడిమీదనే బస్తాకెత్తరాదు. వేడి అన్నం గిన్నెకు మూతపెడితే మూత అడుగున నీరు పట్టినట్లు, బస్తా లోపల చెమర్చి నాలుగు రోజులలో గడ్డకడుతుంది. నీడలో చల్లార్చి ఎత్తాలి. ఒకసారి బూజు పట్టిన దాణాను మాత్రం ఎంత ఎండబెట్టినా అందులోని విషం పోదు. దానిని మంచి దాణాలో కలిపి "సర్దుబాటు" చేయడం అందరికీ పంచిపెట్టడమే అవుతుంది.

పాల కేంద్రంలో

బల్క్ కూలరు ఉన్న కేంద్రాలలో గది కూడా చల్లగా, పొడిగా ఉంటుందని కొందరనుకొంటారు. కూలరు చల్లబరిచేది పాలను మాత్రమే. పాలనుండి తీసిన వేడి ఎక్కడికో పోవాలిగదా. వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీలనుండి 4 డిగ్రీలకు దించితే సుమారు 35 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి బయటికి వస్తుంది. దానికి కంప్రెసరు వాడిన విద్యుత్తు కూడా కలుస్తుంది. యంత్రం గది లోపలే ఉంటే ఆ వేడంతా గదిలోకి వస్తుంది. దానికి తోడు వేడినీళ్లతో క్యాన్లు, నేల కడుగుతాము. వేడి గాలి ఆ నీటిని తృప్తిగా తాగుతుంది. రాత్రి గది చల్లబడగానే గోడలమీద, కప్పు అడుగున, మిల్క్ టెస్టరు లోపలి తీగలమీద దించుతుంది. గోడ మూలల నల్లని బూజుకు కారణం ఇదే.

కనుక కంప్రెసరు వేడి గాలి బయటికి పోయే ఏర్పాటు చేయాలి. కడిగేటప్పుడు, కడిగిన తరువాత అరగంట వరకు ఎగ్జాస్ట్ ఫ్యాను నడపాలి. నేలను నీరు నిలవకుండా తుడిచివేయాలి. కూలరు మూత తెరిచినప్పుడు మూత అంచున చేరిన చెమ్మ పాలలో పడకుండా శుభ్రమైన గుడ్డతో తుడవాలి.

ఏసీకి, కూలరుకు భేదం

ఈ రెండూ చల్లబరిచేవే, కాని తేమ విషయంలో ఒకదానికొకటి వ్యతిరేకం. ఏసీలోని చల్లని గొట్టాలకు గది గాలి తగిలి నీటిని విడుస్తుంది. ఆ నీరు సన్నని పైపు ద్వారా బయట కారుతుంది. ఆ కారే నీరే గదినుండి నిజంగా పోయిన తేమ. అమెరికాలో 1902లో విల్లిస్ క్యారియర్ ఏసీ పద్ధతిని రూపొందించింది మనుషుల సుఖం కొరకు కాదు. ఒక ముద్రణాలయంలో చెమ్మకు కాగితం సాగి రంగులు తప్పుతుంటే, గాలిలోని తేమను అదుపు చేయడానికి. టెస్టింగు గదిలో ఏసీ ఉంటే తలుపు మూసి 26 డిగ్రీల దగ్గర నడిపితే చాలు. 18 డిగ్రీలకు దించి తలుపు తెరిచి పెడితే బయటి చెమ్మ వచ్చి చల్లని పరికరాలమీద నీరై చేరుతుంది.

గడ్డి పరదాల కూలరు దీనికి భిన్నం. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. వేడి తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. దాణా గదిలో దీనిని ఎన్నడూ పెట్టరాదు.

పశువుల పాకలో

పశువుల పాకలో నీటి తుంపరల ఫాగర్లు, కూలర్లు పెట్టే సభ్యులు ఇప్పుడు పెరిగారు. ఇవి అన్నిచోట్ల ఒకేవిధంగా పనిచేయవు. పశువు పడే బాధను లెక్కించడానికి పొడి థర్మామీటరు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపిన డిగ్రీలను కూడి, 0.72తో గుణించి, 40.6 కలుపుతారు. ఈ సంఖ్య 72 దాటితే పాలిచ్చే సంకరజాతి ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది. మేత తగ్గి పాలు తగ్గుతాయి.

మే నెలలో తెలంగాణాలో 42 డిగ్రీల వేడి, నూటికి 20 తేమ ఉన్నదనుకొందాము. తడి థర్మామీటరు 24 చూపుతుంది. సంఖ్య 88. మంచి కూలరు గాలిని 28, 29 డిగ్రీలకు దించగలదు. అప్పుడు సంఖ్య 78కి దిగుతుంది. పది అంకెల మేలు జరిగింది. అదే ఆగస్టులో కోస్తాలో 32 డిగ్రీలు, నూటికి 80 తేమ ఉంటే తడి థర్మామీటరు 29 చూపుతుంది. సంఖ్య 84కు పైన. ఇక్కడ నీటి తుంపరతో గాలిని 29 కన్న కిందికి దించడం సాధ్యం కాదు. సంఖ్య 82 దగ్గర ఆగిపోతుంది. నీరు, కరెంటు ఖర్చయి పాక అంతా చిత్తడి అవుతుంది. అటువంటి రోజులలో తుంపరలు ఆపి, గాలి ధారాళంగా వీచేటట్లు ఫ్యాన్లు నడపాలి. గేదెలకు చెమట గ్రంథులు తక్కువ కనుక ఒంటిమీద నేరుగా నీళ్లు పోసి, ఆ తడి ఆరేటట్లు ఫ్యాను వేయాలి. చెరువులో పడుకోబెట్టే మన పాత అలవాటు కూడా శాస్త్రీయమైనదే.

చలికాలంలో ఆదిలాబాదు వంటి మండలాలలో రాత్రిళ్లు పాక చుట్టూ సందులేకుండా పట్టాలు కట్టేస్తారు. పశువుల ఒంటివేడికి పాక వెచ్చబడుతుంది. కాని వాటి ఊపిరి, మూత్రం వలన వచ్చిన ఆవిరి పోయే దారిలేక చల్లని రేకుకు తగిలి దూడలమీద కారుతుంది. తడిసిన దూడకు రొమ్ము పడిశం త్వరగా వస్తుంది. చలిగాలి దూడకు నేరుగా తగలకుండా కిందివైపు పట్టా కట్టి, పైన చూరు దగ్గర జానెడు సందు విడిచిపెట్టాలి. వెచ్చని తేమ గాలి పైకి లేచి ఆ సందునుండి పోతుంది.

కొలుచుట ఎట్లు?

తేమ శాతం చూపే చిన్న మీటర్లు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. మీటరు సరిగా ఉన్నదో లేదో మీరే పరీక్షించవచ్చు. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దగా తడిపి, మీటరుతో కూడ గాలి చొరని సంచిలో ఒక రాత్రి ఉంచాలి. ఉదయం అది నూటికి 75 చూపాలి. రెండు మూడు అంకెలు తేడా ఉంటే ఆ తేడాను గుర్తుపెట్టుకొని చదువుకోవాలి. మీటరు లేని ఇంట్లో ఉప్పు జాడీయే మీటరు. మూత లేని ఉప్పు చెమ్మగిల్లిందంటే ఆ గదిలో తేమ నూటికి 75 దాటిందన్నమాట. ఆ గదిలో దాణా ఉంచరాదు.

సంఘాలు చేయవలసిన పనులు

1. దాణా కొనేటప్పుడే తేమ చూడాలి. భారతీయ ప్రమాణం ప్రకారం సమీకృత దాణాలో తేమ నూటికి 11 మించరాదు. చెమ్మగా వచ్చిన సరుకును తిప్పి పంపాలి.

2. బస్తాలను నేలకు జానెడు ఎత్తున చెక్క బల్లలమీద, గోడకు మూరెడు దూరంగా పేర్చాలి. ముందు వచ్చిన బస్తా ముందు పోవాలి. వానాకాలంలో పదిహేను రోజుల అవసరానికి మించి నిలువ చేయకపోవడం మంచిది.

3. దాణా గదిలో మీటరు వేలాడదీసి, ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు వేడిని, తేమను ఒక పుస్తకంలో వ్రాయాలి. వరుసగా మూడు రోజులు 70 దాటితే బస్తాలు విప్పి చూడాలి.

4. గడ్డకట్టిన, రంగు మారిన, ముక్క వాసన వేసే దాణాను సభ్యులకు ఇవ్వరాదు. వేరుగా ఉంచి పాలకవర్గం తీర్మానంతో పూడ్చివేయాలి.

5. ఇంట్లో పశువులను చూసేది ఎక్కువగా ఆడవారే కనుక ఈ సంగతులను మహిళా సభ్యుల సమావేశంలో తప్పక చెప్పాలి. ఇంటివద్ద దాణాను మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి, జలదారికి దూరంగా ఉంచమని కోరాలి.

పైవాటిలో ఎక్కువ ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు. గది వెచ్చగా ఉన్నదా, చల్లగా ఉన్నదా అని చూసి తృప్తిపడకుండా, గదిలోని నీరు బయటికి పోయే దారి ఉన్నదా అని చూడాలి. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు మేము పాల రిజిస్టరుతో పాటు దాణా గది తేమ పుస్తకాన్ని కూడా చూడగోరుతున్నాము. కార్యదర్శులు సిద్ధంగా ఉంచగలరు.